ప్రభుత్వం మారేటప్పుడు శాఖ సోషల్ మీడియా ఖాతాను నడిపేదెలా?

తహసీల్దారు బదిలీ అయితే చార్జి అప్పగింత ఎలా జరుగుతుందో ప్రభుత్వ ఉద్యోగులకు వేరే చెప్పనక్కర్లేదు. బీరువా తాళాలు, క్యాష్‌బుక్కు, రబ్బరు స్టాంపులు, జీపు లాగ్‌బుక్కు, చివరికి కుర్చీలెన్ని ఉన్నాయో కూడా కాగితం మీద రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు పెడతారు. అదే కార్యాలయం పేరు మీద వేలాది మంది రోజూ చూసే ఫేస్‌బుక్ పేజీ, ఎక్స్ ఖాతా, వాట్సాప్ చానెల్ ఉన్నా, ఆ జాబితాలో వాటి ఊసే ఉండదు. ప్రభుత్వమే మారే రోజుల్లో ఈ లోటు ఒక్కసారిగా బయటపడుతుంది.

నేను కొంతకాలం ఒక శాఖ ప్రచార విభాగంలో పనిచేశాను. కొత్త ప్రభుత్వం వచ్చిన మూడో రోజున పేజీ కవర్ ఫొటో మార్చమని పైనుంచి ఫోను వచ్చింది. పాస్‌వర్డు మా దగ్గరే ఉంది గానీ, ఓటీపీ మాత్రం ఎవరి ఫోనుకో వెళుతోంది. ఆ నంబరు ఏడాది కిందట మానేసి బెంగళూరు వెళ్లిపోయిన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిదని తేలడానికి మధ్యాహ్నం అయింది, ఆయన ఫోను ఎత్తడానికి సాయంత్రం అయింది. "అన్నా, అది ఇంకా నా నంబరు మీదే ఉందా?" అని ఆశ్చర్యపోయి, పాపం, ఓటీపీ చెప్పాడు. చెప్పకపోయినా, చెప్పడానికి ఇంత ఇవ్వమని అడిగినా మేము చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు.

ఈ వ్యాసం అలాంటి ఖాతాలను చూసుకునే ఉద్యోగుల కోసం, అంటే జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయంలోనో, శాఖాధిపతి పేషీలోనో, కార్పొరేషన్‌లోనో రోజూ పోస్టులు పెట్టేవారి కోసం రాస్తున్నది. ఉదాహరణలు ఎక్కువగా 2023లో తెలంగాణలోనూ, 2024లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జరిగిన మార్పుల నుంచి తీసుకున్నాను.

షెడ్యూలు రాకముందే చేయవలసినవి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఎన్నికల షెడ్యూలుకు కనీసం రెండు మూడు నెలల ముందు, శాఖ పేరుతో నడుస్తున్న ఖాతాలన్నిటినీ ఒక రిజిస్టరులోకి ఎక్కించాలి. ఎక్కించడం మొదలుపెట్టాక మీకే తెలియని ఖాతాలు బయటపడతాయి. ఎప్పుడో ఒక వారోత్సవం కోసం తెరిచి వదిలేసిన పేజీ, పాత కమిషనర్ హయాంలో మొదలైన యూట్యూబ్ చానెల్, ఎవరో ఉత్సాహవంతుడైన ఉద్యోగి సొంతంగా పెట్టిన టెలిగ్రామ్ గ్రూపు ఇలా ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఒక్కో ఖాతాకు ఎదురుగా అది ఏ ఈమెయిలుతో తెరిచారు, ఏ ఫోను నంబరుకు ముడిపడి ఉంది, అడ్మిన్లు ఎవరెవరు, బయటి ఏజెన్సీకి ఏమైనా అధికారం ఇచ్చారా, రికవరీ కోడ్లు ఎక్కడున్నాయి అన్నవి రాసుకోవాలి.

రాసుకున్నాక వాటిని వ్యక్తుల నుంచి విడదీసి కార్యాలయానికి కట్టాలి. ఎవరి సొంత జీమెయిలుతోనో ఉన్న ఖాతాను ప్రభుత్వ ఈమెయిలుకు మార్చాలి. ఆ ఈమెయిలు కూడా అధికారి పేరుతో కాక హోదా పేరుతో ఉండడం మంచిది. ఓటీపీ కోసం కార్యాలయం పేరు మీద ఒక సిమ్ తీసుకుని, దాని రీఛార్జి ఆగకుండా చూసుకోవాలి. రీఛార్జి లేని నంబరు కొన్నాళ్లకు రద్దయి, ఆ తర్వాత మరొకరికి దక్కుతుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. వాట్సాప్ విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే అక్కడ ఖాతా అంటేనే నంబరు.

ఒక్కో వేదికకు ఒక్కో తిరకాసు ఉంటుంది. ఫేస్‌బుక్ పేజీకి విడిగా పాస్‌వర్డు ఉండదు. వ్యక్తుల సొంత ప్రొఫైళ్లకే పేజీ మీద అధికారం ఇస్తారు కాబట్టి, పూర్తి అధికారం కనీసం ఇద్దరు రెగ్యులర్ ఉద్యోగుల చేతిలో ఉండాలి. యూట్యూబ్‌లో చానెల్ ప్రధాన యాజమాన్యాన్ని కొత్తవారికి బదలాయించాలంటే, వారిని ముందు జాబితాలో చేర్చి కనీసం 7 రోజులు ఆగాలి. ప్రమాణ స్వీకారానికి ముందు రోజు రాత్రి ఈ నిబంధన గుర్తుకొస్తే లాభం లేదు.

ఏజెన్సీల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఒప్పందంలో 'ఖాతాలు, వాటిలోని సమస్త సమాచారం, ముడి వీడియోలు, డిజైన్ ఫైళ్లు శాఖ ఆస్తి' అన్న వాక్యం లేకపోతే, వెంటనే చేర్పించి సంతకం తీసుకోవాలి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ 2012లోనే ప్రభుత్వ సంస్థల సోషల్ మీడియా వాడకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. దాన్ని చదివిన కార్యాలయాలు నాకు తక్కువే తారసపడ్డాయి.

కోడ్ అమలులో ఉన్న రోజుల్లో

ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించిన క్షణం నుంచే ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లోకి వస్తుంది. తెలంగాణ శాసనసభ ఎన్నికలకు 2023 అక్టోబరు 9న, ఆంధ్రప్రదేశ్ శాసనసభతో కలిపి లోక్‌సభ ఎన్నికలకు 2024 మార్చి 16న అలా వచ్చింది. అధికార పార్టీ ప్రయోజనం కోసం ప్రభుత్వ ప్రసార సాధనాలను, ప్రజాధనాన్ని వాడకూడదన్నది నియమావళి సారం. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్న మంత్రుల, రాజకీయ నాయకుల ఫొటోలను తీసేయించడం ఎన్నికల యంత్రాంగం మొదట చేసే పనుల్లో ఒకటి. అదే కొలత మీ పేజీలకూ వర్తిస్తుందని అనుకుని నడవడమే క్షేమం.

కాబట్టి ప్రకటన వెలువడిన గంటలోపు కవర్ ఫొటో, ప్రొఫైల్ బొమ్మ, పిన్ చేసిన పోస్టు, పరిచయ వాక్యం మార్చాలి. ముందే ఒక తటస్థమైన కవర్ సిద్ధం చేసి పెట్టుకుంటే ఆ గంటలో హడావిడి ఉండదు. శాఖ పేరు, రాష్ట్ర ప్రభుత్వ చిహ్నం, హెల్ప్‌లైన్ నంబరు ఉంటే చాలు. ముందుగా షెడ్యూలు చేసి పెట్టిన పోస్టుల వరుసను కూడా ఆపాలి. ఇది మరిచిపోయే చాలా పేజీలు చిక్కుల్లో పడుతుంటాయి. మనిషి ఇంట్లో నిద్రపోతుంటే, వారం కిందట పెట్టిన వరుసలోంచి ఉదయం 8 గంటలకు మంత్రిగారి శంకుస్థాపన ఫొటో దానంతటదే బయటికి వస్తుంది. 2024 మార్చిలో 'వికసిత్ భారత్' వాట్సాప్ సందేశాలు కోడ్ వచ్చాక కూడా జనం ఫోన్లకు చేరుతున్నాయని ఫిర్యాదులు రావడంతో, వాటిని వెంటనే ఆపాలని మార్చి 21న ఎన్నికల సంఘం కేంద్ర ఐటీ శాఖను ఆదేశించింది. సందేశాలు కోడ్‌కు ముందే పంపినవనీ, నెట్‌వర్క్ ఆలస్యం వల్ల కొన్ని తర్వాత చేరి ఉండవచ్చనీ వివరణ వచ్చింది. వివరణ సంగతి ఎలా ఉన్నా, మూకుమ్మడి సందేశాలను షెడ్యూలుకు రెండు మూడు రోజుల ముందే ఆపేయాలన్న పాఠం మాత్రం మనకు పనికొస్తుంది.

పాత పోస్టుల్ని ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. తీసి పక్కన పెట్టడం వేరు, చెరిపేయడం వేరు. తేదీతో ఉన్న పాత పోస్టు అప్పటి ప్రభుత్వ చర్యకు రికార్డు కాబట్టి, ఎవరూ చెప్పకుండా దాని జోలికి పోవద్దు. జిల్లా ఎన్నికల అధికారి నుంచి లిఖితపూర్వకంగా ఆదేశం వస్తే మాత్రం పాటించక తప్పదు. అప్పుడు కూడా ముందు మొత్తం డౌన్‌లోడ్ చేసుకుని, యూట్యూబ్ వీడియోను ప్రైవేటుకు మార్చి, ఆదేశం నంబరు రిజిస్టరులో రాసుకోవాలి. ఎక్స్‌లో పోస్టును దాచే వీలు లేదు, తొలగించడమే మార్గం కాబట్టి ముందు కాపీ తీసుకోకపోతే అది పోయినట్టే.

కోడ్ వచ్చిందంటే పేజీకి తాళం వేయాలని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. టీకాలు, తాగునీటి సరఫరా వేళలు, వడదెబ్బ జాగ్రత్తలు, పరీక్షల తేదీలు, రోడ్ల మళ్లింపులు జనానికి ఎప్పటిలాగే కావాలి. మారవలసింది రాసే తీరు. మామూలు రోజుల్లో 'గౌరవ ముఖ్యమంత్రి గారి దార్శనికతతో, గౌరవ మంత్రివర్యుల చొరవతో జిల్లాలో చిన్నారుల ఆరోగ్యానికి భరోసా' అని మొదలయ్యే పోస్టు ఉంటుంది చూడండి, దాన్నే కోడ్ రోజుల్లో ఇలా రాయాలి: 'రేపు బుధవారం ఉదయం 9 గంటల నుంచి మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తారు. టీకా కార్డు వెంట తెచ్చుకోండి.' నిజానికి కోడ్ లేని రోజుల్లో కూడా తల్లులకు కావలసింది ఈ రెండో పోస్టే. మొదటిదాన్ని చదివి టీకాకు ఏ రోజు వెళ్లాలో తెలుసుకున్న తల్లి ఉంటుందని నేను అనుకోను.

సందేహం వచ్చిన ప్రతిదాన్నీ సొంతంగా తేల్చుకోవద్దు. కొత్త ప్రచార కార్యక్రమం ఏదైనా అత్యవసరమైతే, ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే స్క్రీనింగ్ కమిటీ ద్వారా ప్రతిపాదన పంపి, అనుమతి వచ్చాకే పెట్టాలి. ఫోనులో "పెట్టెయ్యండి, ఏం కాదు" అన్నవారు రేపు నోటీసు వచ్చినప్పుడు ఫోను ఎత్తరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 వసంతంలో ఎదురైన చిక్కు మరో రకం. మార్చి 30న ఎన్నికల సంఘం గ్రామ, వార్డు వాలంటీర్లతో పింఛన్లు పంచకూడదని, వారికి ఇచ్చిన ఫోన్లు, ట్యాబ్‌లు వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. ఒక్కో వాలంటీరు చేతిలో సుమారు 50 ఇళ్ల వాట్సాప్ గ్రూపు ఉండేది. పల్లెల్లో చాలా కుటుంబాలకు ప్రభుత్వ సమాచారం చేరే దారి అదే. ఆ దారి ఒక్క రోజులో మూసుకుపోయింది. ఏప్రిల్‌లో చాలామంది వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, మే నెలలో చాలామందికి డబ్బు బ్యాంకు ఖాతాల్లో పడింది. ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి అన్న రెండు ముక్కలు చెప్పే అధికారిక గొంతు ఆ వారంలో ఎంత అవసరమో ఊహించుకోండి. సమాచారం వెళ్లే దారి ఏదైనా సరే, ఒక్క మనిషి ఫోనుకే దాన్ని కట్టిపడేయకూడదు. పంచాయతీ నోటీసు బోర్డుకు, టముకుకు, స్థానిక పత్రికలకు అదే రోజు అదే మాట చేరేలా ముందే ఏర్పాటు ఉండాలి.

ఫలితాలకూ ప్రమాణానికీ మధ్య

ఇది కొద్ది రోజుల కాలమే అయినా తప్పులు ఎక్కువగా జరిగేది ఇప్పుడే. తెలంగాణలో 2023 డిసెంబరు 3న ఫలితాలు వచ్చాయి, 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 4న ఫలితాలు, 12న ప్రమాణం. ఈ మధ్యకాలంలో పాత ముఖ్యమంత్రి రాజీనామా చేసి, గవర్నరు కోరిక మేరకు ఆపద్ధర్మంగా కొనసాగుతారు. అంటే గెలిచిన పార్టీ ఇంకా ప్రభుత్వం కాదు, ఓడిన పార్టీ ఇక విధాన నిర్ణయాలు తీసుకునే ప్రభుత్వమూ కాదు. ఈ రోజుల్లో శాఖ ఖాతా నుంచి గెలిచినవారికి అభినందనలు చెప్పడం, కాబోయే మంత్రి ఫొటో పెట్టడం, వెళ్లిపోయేవారికి వీడ్కోలు రాయడం మూడూ తప్పే. అభినందనలు చెప్పాలన్న తొందర మన కార్యాలయాల్లో ఎంతుంటుందో, ఎందుకుంటుందో అందరికీ తెలిసినదే.

అయితే మౌనం రాజకీయాల గురించే, ప్రజల భద్రత గురించి కాదు. తెలంగాణలో సరిగ్గా ఆ నాలుగు రోజుల మధ్యే, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని వానలు ఖమ్మం వైపూ కురిశాయి. ఎవరి ప్రభుత్వం అన్నది తేలేదాకా వాగులు ఆగవు. అందుకే ప్రమాదాల సమాచారానికి సంబంధించి, ఎవరి అనుమతీ లేకుండా పెట్టగలిగే పోస్టులేమిటో ముందే ఒక ఉత్తర్వుగా తీసుకుని ఉంచుకోవాలి. వాతావరణ శాఖ హెచ్చరిక, కంట్రోల్ రూము నంబరు, మూసేసిన రోడ్లు, సెలవు ప్రకటన అందులోకి వస్తాయి.

పాస్‌వర్డు ఎంతమంది దగ్గరుందో ఈ రోజుల్లోనే తెలిసొస్తుంది. అమెరికాలో 2017 జనవరి 20న, కొత్త అధ్యక్షుడు ట్రంప్ ప్రమాణం చేసిన రోజునే, జాతీయ ఉద్యానాల సంస్థ ట్విటర్ ఖాతా ఒకటి జనసమూహాన్ని పాత ప్రమాణ స్వీకారంతో పోల్చిన పోస్టును పంచుకుంది. మరుసటి రోజు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నాలుగు రోజులకు ఆ సంస్థ కిందే ఉన్న బ్యాడ్‌లాండ్స్ ఉద్యానం ఖాతాలో వాతావరణ మార్పు మీద వరుసగా పోస్టులు వచ్చి, కొన్ని గంటల్లో మాయమయ్యాయి. ఖాతా వాడే అధికారం లేని ఒక మాజీ ఉద్యోగి వాటిని పెట్టారని సంస్థ చెప్పింది. ఆ పోస్టుల్లోని విజ్ఞానం తప్పు కాదు. ఉద్యోగం వదిలినా తాళంచెవి ఇంకా జేబులోనే ఉండడమే తప్పు. ఫలితాల ముందు రోజునే పాస్‌వర్డులన్నీ మార్చి, పాత లాగిన్లన్నిటినీ బయటికి పంపి, ఇద్దరికి మాత్రమే అధికారం ఉంచడం మంచిది. ఆ ఇద్దరూ తమ సొంత ఖాతాను, శాఖ ఖాతాను ఒకే ఫోనులో వాడకపోతే మరీ మంచిది. ఇంటికెళ్లి సొంత అభిప్రాయం రాశాననుకుని శాఖ పేరు మీద రాసినవాళ్లు మన దగ్గరా లేకపోలేదు.

ప్రమాణం తర్వాత: పేరు, పాత రికార్డు

ఇక్కడ చాలా కార్యాలయాలు చేసే పని, పాతదంతా చెరిపేసి 'కొత్త ఆరంభం' చేయడం. మరికొన్నిచోట్ల వెళ్లేవారే ఖాతాను తమతో పట్టుకుపోవాలని చూస్తారు. ఈ రెండో దానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2014 మే 20న, కొత్త ప్రభుత్వం ప్రమాణం చేయడానికి ఆరు రోజుల ముందు, ప్రధానమంత్రి కార్యాలయం ట్విటర్ ఖాతా పేరు చివర 'ఆర్కైవ్' అన్న మాట చేర్చారు. అనుచరులందరూ ఆ పాత ఖాతాతోనే ఉండిపోయి, అసలు పేరు ఎవరైనా పట్టుకోగలిగేలా ఖాళీ అయింది. భారతీయ జనతా పార్టీ దీన్ని గట్టిగా తప్పుపట్టింది. చివరికి ఆ పేరు కార్యాలయానికే దక్కింది. పాత పోస్టులను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే అయినా, పేరును గాలికి వదలడం పెద్ద పొరపాటు.

అమెరికాలో అధ్యక్షుడి ఖాతా విషయంలో ముందుగానే పద్ధతి రాసుకున్నారు. 2017లో ఒబామా కాలపు పోస్టులను ఆయన వరుస సంఖ్యతో ఉన్న వేరే ఖాతాకు చేర్చి జాతీయ ప్రాచీన పత్రాల సంస్థకు అప్పగించారు, అసలు పేరు, అనుచరులు కొత్త అధ్యక్షుడికి వెళ్లారు. 2021లో మాత్రం అనుచరులను అప్పగించకుండా ట్విటర్ అనుచరుల సంఖ్యను సున్నా నుంచి మొదలుపెట్టింది, బైడెన్ బృందం దాన్ని ఆక్షేపించింది. అక్కడ కూడా ఆఖరి మాట వేదిక యజమానిదే అన్నది గమనించాలి.

మన జిల్లా, శాఖ స్థాయిలో వేరే ఆర్కైవ్ ఖాతా తెరవాల్సిన పని లేదు. పేరూ, అనుచరులూ, పాత పోస్టులూ అన్నీ ఒకే ఖాతాలో కొనసాగాలి. మార్పు జరిగిన తేదీతో ఒక సాదా పోస్టు పెడితే చాలు. దానికి ముందు ఖాతా డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసి, రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి శాఖలోనూ ఒకటి రికార్డు రూములోనూ ఉంచాలి. ఎక్స్‌లో ఈ డౌన్‌లోడ్ అడిగాక ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షను రికార్డులను క్రమంగా భద్రపరచమంటోంది. రేపు ఎవరైనా 'ఫలానా తేదీన మీ పేజీలో ఏం ప్రకటించారు?' అని దరఖాస్తు పెడితే 'తొలగించాం' అన్న సమాధానం నిలబడదు.

పేరు తప్పనిసరిగా మార్చాల్సిన సందర్భాలు కూడా వస్తాయి. తెలంగాణలో 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం 'టీఎస్' నుంచి 'టీజీ'గా మారినప్పుడు ఆర్టీసీ మొదలుకొని ఎన్నో సంస్థల ఖాతాల పేర్లు మారాయి. అలాంటప్పుడు పాత పేరును ఖాళీగా వదలకండి. పేరు మార్చిన నిమిషంలోనే పాత పేరుతో ఒక కొత్త ఖాతా తెరిచి, 'మా కొత్త ఖాతా ఇది' అన్న ఒక్క పోస్టు పెట్టి తాళం వేయాలి. లేకపోతే ఎన్నో ఏళ్లుగా జనం తమ ఫిర్యాదుల్లో ట్యాగ్ చేసిన పాత పేరును ఏ మోసగాడో తీసుకుని, డబ్బు వాపసు ఇస్తామంటూ ప్రయాణికులకు లింకులు పంపుతాడు.

ఇక కొత్త ముఖ్యమంత్రి, మంత్రి ఫొటోల సంగతి. ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి బొమ్మలు ఉండవచ్చో సుప్రీంకోర్టు 2015లో పరిమితం చేసి, 2016లో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, శాఖా మంత్రులకు సడలింపు ఇచ్చింది. కాబట్టి కవర్ ఫొటోలో వారి బొమ్మ ఉంచవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ప్రొఫైల్ బొమ్మగా మాత్రం శాఖ చిహ్నమే ఉండాలి. ఐదేళ్లకోసారి ముఖం మారే ఖాతాను జనం పార్టీ ఖాతాగానే చూస్తారు.

పథకాల పేర్లు మారినప్పుడు

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో వైఎస్సార్ పింఛను కానుక ఎన్టీఆర్ భరోసా అయింది, ఆరోగ్యశ్రీ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. పథకం పేరు జీవోతో ఒక్క రోజులో మారుతుంది, జనం నోట్లో మారడానికి ఏళ్లు పడుతుంది. వాళ్లు వెతికేది పాత పేరుతోనే. అందువల్ల మొదటి ఆరు నెలల పోస్టుల్లో రెండు పేర్లూ ఉండాలి. 'పాత పేరు రాయడానికి వీల్లేదు' అని ఎవరైనా అంటే, ఇది ప్రచారం కాదని, వెతికేవారికి దొరకడానికేనని ఫైలులో నోటు రాసి ఆమోదం తీసుకోండి. పిన్ చేసే పోస్టు ఈ తీరులో ఉంటే సరిపోతుంది:

'ఇంతకుముందు వైఎస్సార్ పింఛను కానుకగా ఇచ్చిన పింఛను ఇప్పుడు ఎన్టీఆర్ భరోసా పేరుతో అందుతుంది. ఇప్పటికే పింఛను తీసుకుంటున్నవారు మళ్లీ దరఖాస్తు చేయనక్కర్లేదు. వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000. జులై 1న ఏప్రిల్, మే, జూన్ బకాయి రూ.3,000 కలిపి రూ.7,000 ఇస్తారు. సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి ఇస్తారు.'

ఇందులో ఒక్క విశేషణం కూడా లేదు. కింద వచ్చే వ్యాఖ్యల్లో సగం రాజకీయ తిట్లే ఉంటాయి, వాటికి జవాబివ్వవద్దు, తొలగించనూ వద్దు. బూతులు, బెదిరింపులు, ఎవరి ఆధార్ నంబరైనా బయటపెట్టిన వ్యాఖ్యలు మాత్రమే తీసేయాలి. తిట్ల మధ్యన 'మా అమ్మ వేరే ఊళ్లో ఉంది, అక్కడ ఇస్తారా?' అని ఒకరు అడిగి ఉంటారు. ఆ ఒక్కదాన్ని వెతికి పట్టుకుని, గంటలోపు జవాబివ్వడమే మీ ఉద్యోగం.

తెలంగాణలో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన రెండో రోజునే, 2023 డిసెంబరు 9న, మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. రెండు నెలలు కోడ్‌తో మెత్తబడిన ఖాతాల మీదికి ఒక్కసారిగా ప్రశ్నలు వచ్చి పడ్డాయి. ఏ బస్సులు, ఏ గుర్తింపు కార్డు, రాష్ట్రం సరిహద్దు దాటితే టికెట్టు కొనాలా, సూపర్ లగ్జరీలో వర్తిస్తుందా? ఇలాంటి రోజు వస్తుందని తెలుసు కాబట్టి, ప్రమాణ స్వీకారానికి ముందే మ్యానిఫెస్టో పక్కన పెట్టుకుని, జనం అడగబోయే ప్రశ్నల జాబితా రాసి పెట్టుకోవాలి. జవాబులు మాత్రం జీవో వచ్చాకే రాయాలి. మంత్రిగారు సభలో చెప్పిన మాట ఆధారంగా పోస్టు పెట్టి, తర్వాత నిబంధన వేరుగా వస్తే, బస్సులో కండక్టరుకు మీ పోస్టు చూపించి వాదించేది ప్రయాణికురాలే.

చివరగా మొదట చెప్పిన రిజిస్టరు. కొత్త శాఖాధిపతి వచ్చిన రోజు చార్జి జాబితాలో 'కుర్చీలు 14, కంప్యూటర్లు 6' తర్వాతి వరుసలో ఖాతాల పేర్లు, వాటి ఈమెయిళ్లు, సిమ్ నంబరు, అడ్మిన్ల హోదాలు, హార్డ్‌డిస్కు ఉన్న చోటు రాయించండి. పాస్‌వర్డు మాత్రం అందులో రాయకుండా, సీలు వేసిన కవరులో పెట్టి, కవరు మీద తేదీతో ఇద్దరి సంతకాలూ తీసుకోండి.